నీళ్ళడుగున ఇల్లరికం

ఉద్యోగం ఏం చేసేదానివి అమ్మమ్మా అని మా మనవరాలి స్నేహితురాళ్ళు అడుగుతుంటారు. సినిమా హాల్లో ఆడవాళ్ళ వైపు గేటు దగ్గర అని చెబితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. టిక్కెట్టు చింపడం కూడా ఒక ఉద్యోగమేనా అని వాళ్ళ అనుమానం. ఉద్యోగమే తల్లీ. చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకో బిడ్డ, చేతిలో మంచినీళ్ళ చెంబు, ఒడిలో వేరుశనక్కాయలు, వీటన్నిటితో వచ్చిన ఆడమనిషిని లోపల కూర్చోబెట్టాలి. చోటు కోసం పక్కావిడతో జుట్టూ జుట్టూ పట్టుకోకుండా చూడాలి. సినిమా అయ్యాక తన బిడ్డతోనే ఇంటికి పోతోందా, పక్కావిడ బిడ్డని ఎత్తుకుపోతోందా అన్నది కూడా చూసుకోవాలి. జుట్టు నెరిసేదాకా నేను చేసిన పని అది. నవ్వేవాళ్ళు ఒక్క పండగ రోజు వచ్చి చేసి చూడండి.

అన్నేళ్ళలో చూసిన సినిమాలకి లెక్కలేదు. అన్నీ కలగాపులగంగా గుర్తున్నాయి, ఒకదాని కథానాయకుడు ఇంకోదాని కథానాయికని చేసుకుంటాడు నా బుర్రలో. ఒక్కటి మాత్రం ప్రతి బొమ్మా గుర్తుంది. అది మాటల్లేని సినిమా. చేపతోక ఉన్న ఆడపిల్లల సినిమా. దాని పేరేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. దాన్ని గురజాలలో ఆడించినప్పుడు మా సినిమా డేరా ఎత్తెయ్యవలసిన పరిస్థితి వచ్చింది. ఎత్తెయ్యలేదు. ఎందుకు ఎత్తెయ్యలేదో చెబుతాను, వినండి.

అవి యుద్ధం రోజులు. మాది రెంటచింతల, ఎండలకి పేరుమోసిన ఊరు. మా అమ్మ మిరపకల్లాల్లో కూలికి పోయేది, ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నేనూ పోయేదాన్ని. కాయలకి తొడిమలు తీసి, తాలు ఏరి పక్కన పొయ్యడం పని. సాయంత్రానికి చేతులు పొయ్యిలో పెట్టినట్టుండేవి. మరిచిపోయి కన్ను నలుపుకున్నామా, చచ్చామే. మిషను బళ్ళో చదివిన కాస్త చదువుకీ నాకు దక్కిందల్లా ఆదివారబడిలో చిన్నపిల్లలకి బొమ్మల చుట్ట విప్పి, కర్ర పెట్టి చూపిస్తూ కథలు చెప్పే పని. దానికి జీతం లేదు. ఎంత అల్లరి పిల్లలనైనా కదలకుండా కూర్చోబెడుతుంది అనే పేరు మాత్రం ఉండేది.

ఆ పేరు వినే, ఊరూరా డేరా వేసి ఆడించే టూరింగు సినిమా యజమాని భార్య మా ఇంటికి వచ్చింది. ఆయన్ని అందరూ షావుకారు అనేవాళ్ళు. ఆడవాళ్ళ గేటు దగ్గర మగవాణ్ణి పెడితే రోజూ తగాదాలవుతున్నాయనీ, నన్ను పంపితే తన సొంత చెల్లెల్లాగా దగ్గర పెట్టుకుంటాననీ ఆమె మా అమ్మని అడిగింది.  ఆమె వెళ్ళాక మా అమ్మ అందుకుంది.

"సినిమా డేరాలో పనిచేసిన పిల్లని రేపెవుడు చేసుకుంటాడే?"

"చేసుకోనోడితో నాకేం పనమ్మా?"

"నోరు జూడు! సరే, పో. ఆ డేరా ఎత్తేసిన రోజు మాత్రం తిన్నగా వచ్చి కల్లంలో కూచోవాల. మాటియ్యి."

మాట ఇచ్చాను. అంటే డేరా నిలబడినంత కాలమే నా ఉద్యోగం. డేరా లేచిందంటే మళ్ళీ మిరపకాయల ఘాటు, చేతుల మంట. అందుకే ఆ డేరా తాళ్ళు వదులైతే షావుకారు కంటే ముందు నేనే చూసేదాన్ని.

గురజాలలో మా డేరా ఊరి బయట, పత్తి తీసేసిన చేలో వేశారు. ఆ చేను ఊళ్ళో ఒక పెద్ద రైతుది. ఆయనకి కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. పెద్దాయన మంచాన పడ్డాక వ్యవహారాలన్నీ అల్లుడుగారే చూస్తున్నాడు, మా షావుకారు చేను అడిగిందీ ఆయన్నే. ఈ సంగతులు షావుకారుకి తెలుసు. పక్క ఊరిదాన్ని, కొత్తగా వచ్చినదాన్ని, నాకు తెలియవు.

డేరా లోపల నడిమధ్యన గోనెపట్టాలు కలిపి కుట్టిన అడ్డుతెర ఉండేది. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. ఎదురుగా బొమ్మ పడే తెర ఇద్దరికీ కనిపిస్తుంది, ఒకళ్ళకొకళ్ళు మాత్రం కనపడరు. మొగుడు అటు నవ్వితే పెళ్ళాం ఇటు గొంతు గుర్తుపట్టి, "అదిగో మా ఆయన" అని పక్కవాళ్ళకి చెప్పుకునేది.

కాస్త ఆట పుంజుకుంటోందనగా సౌండు పెట్టెలో వాల్వు మాడిపోయింది. మా ఆపరేటరు నరసరావుపేట సాయిబు. మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన పెట్టె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూసేశాడు. "మిషను బాగానే ఉంది. నోరే పడిపోయింది" అన్నాడు. యుద్ధం మూలాన కొత్త వాల్వు మద్రాసులో కూడా దొరకడం లేదన్నారు. మాటలు రాని టాకీ ఎవరు చూస్తారు? షావుకారు రైలెక్కి గుంటూరు పోయి, ఎవరి గోదాములోనో మూలపడి ఉన్న పాత మాటల్లేని సినిమా డబ్బాలు వెంటబెట్టుకొచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు, మధ్యమధ్యలో తెరమీద వచ్చే రాతలు మాకెవరికీ అర్థం కాలేదు. హైస్కూలు ఇంగ్లీషు అయ్యవారిని పిలిపించారు. ఆయన ఫిలిం ముక్కని లాంతరు ముందు పెట్టుకుని చాలాసేపు చూసి, "అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు కావు. ఇదేదో వేరే దొరల భాష" అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయాడు.

సంతోషించినవాడు మా కథల మాస్టారొక్కడే. ఆయన కుర్రతనంలో నాటకాల్లో వేషాలు కట్టినవాడు. మాటల్లేని సినిమాల కాలంలో తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పేవాడు. ఆయన గొంతుకోసం ఊళ్ళకి ఊళ్ళు వచ్చేవట. టాకీలు వచ్చాక ఆయన చేతికి పోస్టర్లూ మైదాపిండి బక్కెట్టూ ఇచ్చారు. "ఒకప్పుడు నోటితో బతికాను, ఇప్పుడు పిండితో బతుకుతున్నాను అమ్మాయ్" అనేవాడు. ఆ డబ్బాలు దిగిన రోజు తలంటి పోసుకుని, ట్రంకుపెట్టె అడుగునున్న నల్లకోటు తీసి తొడుక్కున్నాడు. కలరా ఉండల వాసనకి మా అందరికీ తుమ్ములు. ఆయన అదేమీ పట్టించుకోలేదు.

"ఈ రాతలు ఎవరికీ తెలియకపోవడమే మంచిది. మనం చెప్పిందే కథ" అన్నాడు.

బొమ్మకి వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు దొరకని కాలం, ముందుగా ఒకసారి వేసి చూసుకునే యోగం లేదు. మాస్టారు ఫిలింని వెలుతురుకి ఎత్తిపట్టి చూసుకునే కథ కట్టుకున్నాడు.

పొద్దు గుంకగానే మొదటి ఆట వేశారు. సముద్రం మధ్య ఒక రాతి మీద కూర్చుని తల దువ్వుకుంటూ చేపతోక పిల్ల కనపడింది. మా వైపు ఒకటే గోల.

"ఓసేయ్, నడుం కింద చేపేనే!"

"కాళ్ళు లేకపోతే చీరెట్టా కడతది?"

"చీర ఖర్చు లేదు గదా, దాని మొగుడు అదృష్టవంతుడు."

మిరపకల్లాల్లో పనిచేసే ఒక పెద్దమ్మ రోజూ అందరికంటే ముందు కూర్చునేది. ఆమె నన్ను పిలిచి, "ఆ నీళ్ళు మన కృష్ణ కంటే ఎక్కువుంటయ్యా?" అని అడిగింది. నేను మాత్రం సముద్రం చూశానా? ఉంటాయి అన్నాను.

మాస్టారు మగవాళ్ళ వైపు తెర మూలన నిలబడి, వాళ్ళకేసి తిరిగి చెబుతున్నాడు. మైకు లేదు. బయట ఆయిల్ ఇంజను మోత, లోపల పిల్లల ఏడుపు. మా దాకా వచ్చేవి ఒక "ఆహా", ఒక "ఓహో". మిగతాదంతా గోనెపట్టా మింగేసింది. ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఆయనెవరో అక్కడ అరుస్తన్నాడు, మాకు ఒక్క ముక్క ఇనపళ్ళా. ఏమే గేటుపిల్లా, నువ్వు చెప్పు ఏమయిందో!"

కుక్కల్ని తోలడానికి నా దగ్గర ఒక కర్ర ఉండేది. అది పట్టుకుని ముందుకి వెళ్ళి, ఆదివారబడిలో నిలబడ్డట్టే నిలబడ్డాను. కథ నాకూ తెలియదు. బొమ్మ చూస్తూ చెప్పుకుపోయాను.

ఓడ మీద ఒక కుర్రవాడు ఆ పిల్లని చూశాడు. తుఫాను వచ్చింది, ఓడ పగిలింది, వాడు నీళ్ళలో పడ్డాడు. పిల్ల కింద నుంచి వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకుంది. సరిగ్గా అక్కడ ఫిలిం గీతలు పడిపోయి, ఎగిరెగిరి పడుతోంది. ఆ చేతులు పైకి ఎత్తుతున్నాయో కిందికి లాగుతున్నాయో చెప్పడం కష్టం. నాకు మాత్రం ఎత్తుతున్నట్టే కనిపించింది. తర్వాత నీళ్ళడుగున పెద్ద మేడ, తెల్లగడ్డం రాజు, ఆయనకీ తోక. గవ్వల దండలు వేశారు, విందు జరిగింది. కుర్రవాడు మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

ఇది మా ఆడవాళ్ళకి ఎలా చెప్పాలి? నోటికి వచ్చింది చెప్పాను. "రాజుకి కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. ముత్యాల మేడ ఇచ్చాడు, తిండికి లోటు లేదు, అయినా అల్లుడి మొహం విప్పారదు."

ఒక్కసారి నవ్వులు ఎగిశాయి. "మనూళ్ళో లేడా ఏంది అట్టాంటోడు!" అని ఎవరో అన్నారు. నా కథకి ఇంత గిరాకీ ఉందా అని నేను పొంగిపోయాను. చివరికి ఆ పిల్ల వాడి చేతులు పట్టుకుని ఒడ్డున దించింది. వాడు ఇసకలో నడిచిపోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. నడుం లోతు అలల్లో ఆ పిల్ల. అంతే, సినిమా అయిపోయింది.

"ఇంత చేసిన పిల్లకి ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు" అన్నాను. మా వైపు అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు, వాడి మొహం మండ అని తిడుతున్నారు. సరిగ్గా అప్పుడే మగవాళ్ళ వైపు నుంచి ఈలలు, చప్పట్లు. మాకు అర్థం కాలేదు. వాళ్ళకి మా ఏడుపులు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ డేరా దగ్గరికి వచ్చి నిలబడితే గాని సంగతి బయటపడలేదు. "మా ముసలోడూ నేనూ పొయ్యి కాడ పోట్లాడుకున్నాం. ఆ పిల్ల మాయలాడంట, ఓడ అదే ముంచిందంట, వాణ్ణి లోపలికి లాక్కుపోయి కట్టేసిందంట, వాడు తెలివిగా తప్పించుకొచ్చాడంట! ఎవురు చెప్పారయ్యా అంటే మీ నల్లకోటాయన పేరు చెప్తన్నాడు. మా వాడకట్టులో ఏ ఇంట్లో చూడు ఇదే గొడవ."

ఒకే బొమ్మకి గోనెపట్టాకి అటు ఒక కథ, ఇటు ఒక కథ చెప్పామన్నమాట. షావుకారు మొదట కంగారుపడ్డాడు. తర్వాత, కొట్లాట తేల్చుకోవడానికైనా జనం మళ్ళీ వస్తారని లెక్కేసుకుని మీసం తిప్పాడు. తిప్పిన మీసం దించేలోగా చేను వ్యవహారం చూసే అల్లుడుగారు వచ్చాడు.

ఆయన కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదు, తగ్గించే మనిషి. "రాత్రి ఆడాళ్ళ వైపు కథ చెప్పిందెవరు?" అని అడిగాడు. షావుకారు నన్ను చూశాడు.

"ముత్యాల మేడ అల్లుడు. పొద్దున్నించీ ఇదీ నా పేరు" అన్నాడాయన. "మా పాలేరు పెళ్ళాం నన్ను చూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొట్టుకాడికి పోతే మాటలు ఆపేశారు. నా చేలో డేరా వేసి, నన్నే ఎగతాళి పట్టిస్తారా?"

"అయ్యా, మీ మీద చెప్పలేదండీ. మీరెవరో కూడా నాకు తెలియదు" అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. "తెలియకుండా చెప్పావు గనకనే అందరికీ నిజమనిపించింది."

షావుకారు చేతులు జోడించాడు, బతిమాలాడు. ఆయన వినలేదు. "ఇయ్యాల ఆట ఆడుకోండి, జనానికి చెప్పుకున్నారు గాబట్టి. రేప్పొద్దున ఈ చేని చెక్క దుక్కి దున్నుతాం. నాగళ్ళొచ్చేసరికి డేరా ఉండగూడదు" అని వెళ్ళిపోయాడు.

ఎండాకాలం నడిమధ్యలో డేరా పీకితే మళ్ళీ ఎక్కడ వెయ్యాలి? సౌండు లేదు, చేను లేదు. పీకిన డేరా మడతపెట్టి అమ్ముకోవడమేనని షావుకారు భార్య ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది, దాచుకోవడమెందుకు? కల్లంలో మా అమ్మ పక్కన నా చోటు నాకోసం కాచుకుని ఉన్నట్టే అనిపించింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పృథివి దాకా పోనక్కర్లేకపోయింది, గురజాల వీధులు దాటితే చాలింది.

షావుకారు ఆ పూట నన్ను నోరెత్తవద్దన్నాడు. కథ మాస్టారొక్కడే చెబుతాడు, రెండు వైపులా అదే కథ. మధ్యాహ్నం మాస్టారు మైదాపిండి కలుపుతుంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయనకి నా మీద కోపంగానే ఉంది.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా అమ్మాయ్? ఇన్నేళ్ళకి నాకు మళ్ళీ తెర పక్కన నిలబడే యోగం పట్టింది. నువ్వు అవతల కూర్చుని నా కథకి గండి కొట్టావు."

"మీరు ఆ పిల్లని మాయలాడిని చేశారు గదా మాస్టారూ!"

"చెయ్యక? వాడు చివర్న వెళ్ళిపోతాడు. తప్పు ఆమెదైతేనే వాడి నడక బాగుంటుంది. జనం చప్పట్లు కొడతారు."

"ఆమె తప్పు లేకపోతే?"

ఆయన పిండి కలపడం ఆపాడు. "అప్పుడు వాడెందుకు పోయాడో చెప్పాలి. అది చెప్పడం కష్టం." మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. 

సాయంత్రానికి జనం విరగబడ్డారు. పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. లాగిందా ఎత్తిందా అని తేల్చుకోవడానికి వచ్చినవాళ్ళు కొందరు, ముత్యాల మేడ అల్లుడి మొహం చూడటానికి వచ్చినవాళ్ళు కొందరు. ఆయన నిజంగానే వచ్చి మగవాళ్ళ వైపు వెనక కుర్చీలో కూర్చున్నాడు. డేరా పీకేదాకా కదలననే పట్టుదల అనుకుంటాను. ఆయన భార్య మా గేటులోంచి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ సినిమాకి రాని మనిషి. నేను టిక్కెట్టు చింపుతుంటే, "రాత్రి కథే చెప్తావా?" అని మెల్లగా అడిగింది.

"చెప్పొద్దన్నారమ్మా."

ఆమె తల ఊపి, పోయి పెద్దమ్మ పక్కన నేలమీద కూర్చుంది.

ఆట మొదలైంది. మాస్టారు ఆ వేళ గొంతు పెంచి మా వైపుకి కూడా వినపడేలా చెబుతున్నాడు. నేను గేటు దగ్గర పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాను. ఓడ పగిలింది. కుర్రవాడు నీళ్ళలో పడ్డాడు. "అదిగో, మాయలాడి వచ్చింది! లోపలికి లాగుతోంది, లాగుతోంది!" అన్నాడు మాస్టారు.

పెద్దమ్మ లేచి నిలబడింది. గోనెపట్టాకేసి తిరిగి గట్టిగా అరిచింది. "లాగటంలా! ఎత్తతంది!"

"లాగతంది!" అని అటునుంచి ఎవరో, బహుశా వాళ్ళ ముసలోడే.

"ఎత్తతంది!" అని ఇటు ఆడవాళ్ళంతా. లాగిందని అటు, ఎత్తిందని ఇటు, డేరా కప్పు ఎగిరిపోయేలా గోల. భాయ్ ఆట ఆపేస్తానని అరుస్తున్నాడు. షావుకారు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆ గోలలో అల్లుడుగారి భార్య నాకేసి తిరిగింది. గొంతు పెంచలేదు, కాని నాకు వినపడింది.

"ఆ చేపతోక పిల్లనే చెప్పనియ్యి. ఆ పిల్ల ఏమంటదో నువ్వు చెప్పు."

షావుకారు మాట గుర్తుంది. కల్లం కూడా గుర్తుంది. ఎలాగూ తెల్లారితే డేరా లేస్తోంది కదా అనే మొండి ధైర్యం ఒకటి పుట్టింది. కర్ర తీసుకోలేదు. తెర దగ్గరికి నడిచి, జనానికి కథ చెప్పకుండా ఆ కుర్రవాణ్ణే అడిగాను.

"నేను లాగానా? అయితే నా చెయ్యి నీ గుప్పిట్లో ఎందుకుందయ్యా? ఒదిలేసి పోరాదా?"

డేరా అంతా గప్‌చిప్‌గా అయిపోయింది.  మాస్టారు కోపంతో వెళ్ళిపోయాడేమో అనుకున్నాను. కాని నాటకాల్లో ముదిరిన మనిషి ఎదుటి పాత్ర ప్రశ్న వేశాక జవాబివ్వకుండా ఎలా ఊరుకుంటాడు? ఆయన గొంతు వచ్చింది. కథ చెప్పే గొంతు కాదు, కుర్రవాడి గొంతు.

"ఒదిలితే మునుగుతాననుకున్నాను."

అక్కడి నుంచి కథ చెప్పడం ఇద్దరమూ మానేశాం. ఆయన కుర్రవాడు, నేను చేపతోక పిల్ల. మధ్యన గోనెపట్టా, ఒకళ్ళకొకళ్ళం కనపడం. నీళ్ళడుగు మేడ వచ్చింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న అల్లుడు వచ్చాడు. ముందురోజు రాత్రి అన్నదే మళ్ళీ అడిగాను, ఈసారి నవ్వించడానికి కాదు.

"మా నాన్న ముత్యాల మేడ ఇచ్చాడు. తిండికి లోటు లేదు. నీ మొహం ఎందుకు విప్పారదు?"

 బొమ్మ కదిలిపోతుంటే మాస్టారు అందుకున్నాడు. "మేడ మీ నాన్నది. పళ్ళెం మీ నాన్నది. నేను ఏ తలుపు తోసినా ఎవరూ అని అడుగుతారే గాని, వచ్చావా అన్నవాళ్ళు లేరు."

  ఎదురుగా నేలమీద అల్లుడుగారి భార్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బొమ్మని కాక నన్నే చూస్తోంది. ఆ మొహం చూస్తే నోట్లోకి మాట అదే వచ్చింది.

"నేనన్నాను. రోజూ వాకిట్లో నిలబడి వచ్చావా అన్నాను. నీ చెవులకి మా నాన్న మాటలు తప్ప నా మాట ఎక్కలేదు."

ఆమె కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

చివరికి పిల్ల వాడి చేతులు పట్టుకుని ఒడ్డుకి చేర్చింది. వాడు నడిచాడు, ఆగాడు, వెనక్కి తిరిగాడు. ఇక్కడ మాస్టారు చెప్పాలి, వాడెందుకు పోతున్నాడో. చెప్పడం కష్టమని మధ్యాహ్నం ఆయనే అన్నాడు. 

"నీ నీళ్ళలో నాకు ఊపిరాడలేదు" అన్నాడు మాస్టారు. "ఆడటం లేదని నీకెన్నడూ చెప్పలేదు. నీ తప్పేం లేదు."

"ఈ మాట నీళ్ళలో ఉన్నప్పుడే అని ఉంటే" అన్నాను నేను, "మా నాన్నతో పోట్లాడి అయినా నీకోసం ఒడ్డున గుడిసె వేయించేదాన్ని గదా."

తెర తెల్లబడింది. ఈలల్లేవు, తిట్లు లేవు.  పెద్దమ్మ ముక్కు చీది, "లాగలేదు, ఎత్తలేదు. ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు, అంతే" అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద ఇంక ఎవరూ అప్పీలుకి పోలేదు. ఆ సినిమా అసలు కథ ఏమిటో చెబుతామని తర్వాతి రోజుల్లో చదువుకున్నవాళ్ళు ఒకరిద్దరు ముందుకి వచ్చారు. నేను వినలేదు. వినను కూడా.

జనం బయటికి పోతుంటే అల్లుడుగారు తిన్నగా ఆడవాళ్ళ గేటు దగ్గరికి వచ్చాడు. చేను ఆయన చేతిలోదే, మమ్మల్ని లేపేది ఆయనే. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? "ఇటు మగాళ్ళు రాగూడదండీ" అనేశాను. ఆయన నిజంగానే ఆగిపోయాడు. గేటు బయటే నిలబడి, భార్య వచ్చేదాకా ఆగాడు. ఆమె వచ్చింది. ఎదురెదురుగా నిలబడ్డారు.

"వచ్చావా" అన్నాడాయన.

ఆమె తల ఊపింది. ఇద్దరూ పక్కపక్కనే ఊళ్ళోకి నడిచి వెళ్ళారు. డేరా మాట మాత్రం ఆయన ఎత్తలేదు, అడిగే ధైర్యం మాకు లేదు.

తెల్లవారుతూనే ఎద్దుల మెడగంటలు వినపడ్డాయి. నాగళ్ళు వచ్చేశాయి. షావుకారు డేరా బయట దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్నాడు, భాయ్ తాళ్ళు విప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను నా ట్రంకుపెట్టె సర్దేసుకున్నాను. అరకలు డేరా తాళ్ళ దాకా వచ్చి, పక్కకి తిరిగి, అవతలి చెక్కలోకి దిగాయి.

"ఏందయ్యా, ఇది దున్నరా?" అని షావుకారు అడిగాడు.

"అది ఒదిలెయ్యమన్నారు" అన్నాడు పాలేరు. "అల్లుడుగారు, అమ్మగారు ఇద్దరూ వాకిట్లో నిలబడి చెప్పారు. ఇద్దరూ కలిసి ఒక మాట చెప్పటం నేను ఇదే చూడటం."

షావుకారు దుప్పటితో సహా కూలబడ్డాడు. భాయ్ తాడు మళ్ళీ బిగించి ముడి వేశాడు. నేను లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఇంత సంతోషంతో ఏడవడం నాకు అదే మొదలు.

కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చేసరికి మాస్టారు ప్రచారం బండి కట్టించి, పైన డప్పు పెట్టుకుని, నల్లకోటులో కూర్చుని ఉన్నాడు. ఇంక ఊళ్ళోకి పోయి కొత్త కథ సంగతి చాటించాలి. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"ఎక్కమ్మాయ్."

"నేనా? ఆడపిల్ల బండెక్కి వీధులెంట తిరిగితే జనం ఏమంటారు మాస్టారూ?"

"ఏమంటారో అదే మనకి డప్పు. సగం కథ నీ దగ్గరుంది. నేనొక్కణ్ణే పోయి ఏం చెప్పను?"

తువ్వాలుతో పక్కన పలక దులిపి, తను జరిగి నాకు చోటిచ్చాడు. ఎక్కాను. గురజాల బజారు బజారంతా తలలెత్తి చూసింది. నేను తల దించుకోలేదు.